కమలాదేవి ఎడమచేయి

నాకు అన్నిటికంటె పెద్ద భయం ఏమిటంటే, నా బిడ్డ ఒంటికి పోయకుండానే ఈ పొద్దు గడిచిపోతుందేమోనని. ఇంత చిన్న సంగతికి ఇంత భయమా అని మీకు అనిపించవచ్చు. పిల్లల్ని పెంచేవాళ్ళం రోజంతా తడిగుడ్డలు మార్చీ మార్చీ, ఉతికీ ఉతికీ విసుక్కునేవాళ్ళమే కదా, నేనూ నిన్నటిదాకా విసుక్కున్నాను, ఆరేసింది ఆరకముందే ఇంకోటి తడిపావా అని దాని పిర్ర మీద ఒకటి వేశాను కూడా, అది ఏడవలేదు, ఆట అనుకుని ఇంకా కొట్టమని తిరిగి చూపించింది. ఇప్పుడు మానుకోట దవాఖానలో కిటికీ పక్క మంచం మీద కూచున్నాను. నా ఒడిలో కమల పడుకుంది. దాని కింద నాలుగు మడతలు పెట్టిన పాత చీరపేలిక ఉంది. పేలిక కిందికి చేయి పోనిచ్చి చూశాను, పొడిగానే ఉంది. మడతల మధ్యకు వేళ్ళు దూర్చి చూశాను, అక్కడా పొడిగానే ఉంది. డాక్టరు సాబు చెప్పి పోయిన మాటలు నా చెవుల్లో ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాయి: "కడుపు కడిగినం. గుడ్డు తెల్లసొన పట్టినం, పాలు పట్టినం, గ్లూకోజు ఎక్కుతున్నది. ఇగ మూత్రం రావాలమ్మా. వచ్చినా ఎర్రగనో నల్లగనో రావద్దు, మామూలుగ రావాలె. అప్పుడే నేను నీకు ధైర్యం చెప్త." ఆయన చెడ్డవాడు కాదు, అబద్ధపు ధైర్యం చెప్పేవాడు కాదు, అంతే. చెప్పి ఉంటే బాగుండునని కూడా అనిపిస్తున్నది. సీసాలోంచి చుక్క తరువాత చుక్క దిగుతున్నది, అంత నీరు దాని ఒంట్లోకి పోతున్నది, పోయినదంతా ఎక్కడ ఆగుతున్నది, ఎందుకు ఆగుతున్నది, ఎవరి మీద కోపంతో ఆగుతున్నది.

కమల తిన్నది మైలతుత్తం. నీలంగా, కలకండ పలుకులా మెరిసే విషం. తోటలవాళ్ళు సున్నంలో కలిపి చెట్లకు కొడతారు, మా బాపు పుస్తకాలు అతికించే జిగురులో కలిపేవాడు, నేను ఈ పొద్దున ఒక బొమ్మ అతికించడానికి కలిపాను. బెల్లం పొట్లం విప్పుతుంటే ఆ పాత పేపరు ముక్కలో ఆటగత్తె కమలాదేవి బొమ్మ కనబడింది. ఎన్నేళ్ళయింది చూడక! ఇక ఆడటం మానేసిందేమో, పేపర్లు ఆమెను మరిచిపోయాయేమో అనుకున్నాను, కాని అక్కడే ఉంది, మోకాళ్ళ దగ్గర బెల్లం అంటుకుని నల్లబడ్డది, నడుము కొంచెం లావయింది, చేయి మాత్రం అదే, ఎడమచేయి, భుజం కంటె పైకి లేచి, బ్యాటు అంచు దగ్గర కాగితం చిరిగిపోయి ఉంది. పొయ్యి మీద అన్నం కుతకుతమంటున్నది, బయట అత్తమ్మ కోళ్ళను అదిలిస్తున్నది, నేను బెల్లం ఒక చేతిలో, కాగితం ఒక చేతిలో పట్టుకుని బడి పిల్లలా నవ్వుకుంటూ నిలబడ్డాను. పురుగు ముట్టకముందే, కాగితం ముడతలు పడకముందే అతికించాలి. పిండి ఉడకబెట్టాను. ట్రంకు అడుగున డబ్బాలో దాచిన తుత్తం పలుకు నూరి కలిపాను. సత్తుగిన్నె నేల మీద పెట్టి, సబ్బుడబ్బా అట్ట కోసుకుందామని కత్తెర కోసం లోపలికి పోయాను. కత్తెర పెట్టిన చోట లేదు. దాన్ని వెతికినంతసేపే. వచ్చి చూసేసరికి కమల గిన్నె ముందు కూచుని, ఎడమచేయి మణికట్టు దాకా ముంచి, ఒక్కొక్క వేలే తీరికగా నాకుతున్నది. మూతంతా నీలం. నన్ను చూసి నవ్వింది, ఉన్న నాలుగు పళ్ళూ నీలం.

ఆ తరువాత ఏది ముందు, ఏది వెనక అన్నది నా తలలో సరిగ్గా నిలవడం లేదు. వాంతులు, నీలమూ ఆకుపచ్చా కలిసిన వాంతులు, అత్తమ్మ గుండెలు బాదుకోవడం, నేను బిడ్డను భుజాన వేసుకుని కేసముద్రం మార్కెట్టు దాకా చెప్పులు లేకుండా ఉరకడం. మా ఆయన ఉంటే ఆ మార్కెట్టులోనే ఉండేవాడు, అడ్తి దుకాణంలో గుమాస్తా ఆయన, పత్తి బేరానికి నిన్ననే లారీ ఎక్కి రేగొండ అవతలికి, భూపాలపల్లి దిక్కు పోయాడు, ఏ ఊరిలో ఏ అరుగు మీద కూచుని ఉన్నాడో, బిడ్డకు గాజులు తెస్తానని చెప్పి పోయాడు. మిర్చి బస్తాలు దించి ఖాళీగా తిరిగిపోయే లారీ ఒకటి గేటు దగ్గర ఉంది. నడిపే జాల్యా మమ్మల్ని చూసి, ఏమైందని కూడా అడగకుండా తలుపు తీశాడు. "ఎక్కక్కా, ఎక్కు. పెద్దవ్వను నడుమ కూసోపెట్టు. బిడ్డ తలకాయ పక్కకు తిప్పి పట్టుకో, కక్కితె కక్కనియ్యి, నా లారీ కడుక్కుంటె పోతది." దారంతా మిర్చి ఘాటుకు మేమంతా తుమ్ముతున్నాం, తుమ్ముతూ ఏడుస్తున్నాం, కమల కూడా తుమ్మింది, తుమ్మినప్పుడల్లా ప్రాణం ఉందని నాకు తెలుస్తున్నది. మానుకోట రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతూనే ఉంది, డబ్బా వెనక డబ్బా. జాల్యా స్టీరింగు మీద గుద్దుతూ లంబాడీలో ఏదో తిడుతున్నాడు, ఆ బండికి చివర లేదేమో అనుకున్నాను. ఆ బండి ఇంకా నా లోపల పోతూనే ఉంది.

పొడిగానే ఉంది. ఇప్పుడే చూశాను, మళ్ళీ ఇప్పుడే చూశాను. అవతల ఊడుస్తున్న ఆయా ఫినాయిలు నీళ్ళు చల్లింది, ముక్కు పుటాలు మండాయి, మండగానే ఎందుకో జనగామలో బాపు కొట్టు వాసన తగిలింది. ఉడికిన మైదా వాసన, కొత్త అట్టల వాసన, ఎర్రగుడ్డ వాసన, వాటన్నిటి కిందా నాలుక మీద రాగి పైస పెట్టుకున్నట్టుండే తుత్తం వాసన. మా బాపు కనకయ్య బళ్ళ హాజరు పట్టీలు, కచ్చీరు లెక్కల పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాడు. చెక్క మరలో పుస్తకం పెట్టి పిడి తిప్పుతుంటే ఆయన మెడ నరాలు లేచేవి. "తుత్తం పడకుంటె గీ జిగురు బొద్దింకలకు పెండ్లి బువ్వే బిడ్డా" అని నవ్వేవాడు. కలిపిన తరువాత చేతులు బూడిదతో తోముకుని, మళ్ళీ మట్టితో తోముకుని, అప్పుడుగాని నా తల నిమిరేవాడు కాదు. గిన్నె ఉట్టి మీదే పెట్టేవాడు. ఉట్టి మీదే. నేల మీద ఎన్నడూ పెట్టలేదు. నాకు అంతా నేర్పించాడు, ఉట్టి సంగతి ఒక్కటి నోటితో చెప్పలేదు, చెప్పాలా? నేను రోజూ చూసిందే కదా! నా అత్తగారింట్లో ఉట్టి ఉంది, మజ్జిగ కుండ ఉంటుంది దాని మీద, చేయి ఎత్తితే అందుతుంది. బాపుకు ఈ సంగతి ఎట్లా చెప్పాలి? చెప్పనే చెప్పను. బాగయితే చెప్పను, బాగు కాకపోతే అసలే చెప్పను.

నేనూ ఎడమచేతి దాన్నే. అమ్మ అన్నం పెట్టినప్పుడల్లా నా ఎడమచేయి కొంగు చింపిన గుడ్డతో నడుముకు కట్టేది. వాకిట్లోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఒక మాట విసిరేవాళ్ళు. "గా చేతితోని ఆకుల వడ్డిస్తె ఎవడు తింటడే?" "ఎడమచేతి పొల్లను ఎవడు చేస్కుంటడు, ఎడ్డోడు చేస్కుంటడు." బడిలో పలక మీద కుడిచేత్తో రాసేదాన్ని, ఇంట్లో కుడిచేత్తో తినేదాన్ని, నిద్రలో మాత్రం ఎడమచేయి నా చెంప కిందికి వచ్చి పడుకునేది. బాల్ బ్యాడ్మింటన్ ఆడించే డ్రిల్లు సారు ఒకనాడు బ్యాటు నా చేతికిచ్చాడు. నేను కుడిచేత్తో అందుకుని, పసుపుపచ్చ ఊలు బంతి మీదికి రాగానే తెలియకుండానే చేయి మార్చి కొట్టాను. సారు తిడతాడనుకున్నాను. "ఉండనీ, ఉండనీ, గట్లనే కొట్టు" అన్నాడు. "హైద్రాబాదుల కమలాదేవి అని ఒకామె ఉన్నది, అచ్చం నీ లెక్కనే. బంతి ఎటు పోతదో అవతలోళ్ళకు సమజే కాదు." ఆ రోజు ఇంటికి ఎట్లా నడిచానో నాకు గుర్తు లేదు, చేయి గుర్తుంది, గుడ్డ ఒరుసుకుని పడ్డ మచ్చ దగ్గర నరం టకటక కొట్టుకోవడం గుర్తుంది. కొన్నాళ్ళకు చింతపండు పొట్లంలో ఆమె దొరికింది. పేరు చదివి, మళ్ళీ చదివి, చింతపండు కింద పారబోసి, ఆ కాగితం పట్టుకుని కొట్టుకు ఉరికాను. బాపు అడిగింది ఒక్కటే: "గీమె ఎడమచేత్తోటే ఆడుతదా? పేపర్ల వేసిండ్రా?" కళ్ళద్దాలు తుడుచుకుని, అంచులు కత్తిరించి, అట్ట మీద అతికించి, మరలో బిగించి, తెల్లవారి బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. పేకముక్క అంత ఉంది, గట్టిగా ఉంది. అది అమ్మకు చూపించి, "ఇగ దీని చేయి కట్టకు" అన్నాడు.

అప్పటినుంచి ఊళ్ళోకి వచ్చే ఏ పొట్లమూ నేను చూడకుండా పొయ్యిలోకి పోలేదు. కిరాణా దుకాణంలో కట్టలు కట్టిన పాత పేపర్ల పక్కన కూచుని తిరగేసేదాన్ని. తోటి పిల్లలు మా కమలాదేవి వచ్చిందే అంటూ ఆముదం మరకల కాగితాలు తెచ్చేవాళ్ళు, కొన్నిట్లో ఆమె కాదు, ఎవరో మంత్రిగారి భార్య, ఏదో సబ్బు ప్రకటన, అయినా వాళ్ళ మనసు నొప్పించలేక తీసుకునేదాన్ని. ఒక బొమ్మలో కప్పు పట్టుకుంది. ఒక దాంట్లో అయిదుగురిలో చివర నిలబడి, ఎండకు కళ్ళు చికిలించింది. ఇంకో దాంట్లో నేల మీద ఒక కాలు, గాలిలో ఒక కాలు, జడ అడ్డంగా లేచి ఉంది, బంతి మాత్రం లేదు, బంతి ఉన్న వైపు ఎవరింటికో ఉప్పు పొట్లమై పోయింది. ఆ బంతి ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె ఆడగా నేను ఎన్నడూ చూడలేదు, అది చెప్పాలి మీకు. ఆ చేయి కిందికి దిగడం చూడలేదు. పైకి లేచిన చేయి ఒక్కటే నాకు తెలుసు. పడుకునే ముందు ముక్కలన్నీ చాప మీద వరసగా పరుచుకుని, ఒక దాని నుంచి ఇంకో దానికి వేగంగా కళ్ళు తిప్పితే ఆమె కొంచెం కదిలినట్టు అనిపించేది. హైద్రాబాదు జట్టు జనగామకు వచ్చి ఆడి చూపిస్తుందని, దాంట్లో ఆమె ఉందని డ్రిల్లు సారు చెప్పినప్పుడు నేను అన్నం మానేశాను, సంతోషంతో కూడా ఆకలి చస్తుందని అప్పుడే తెలిసింది. నన్ను ఆమె ముందు నిలబెట్టి రెండు బంతులు కొట్టిస్తానన్నాడు సారు. మైదానంలో సున్నం గీతలు కూడా గీశారు.

అప్పుడు అరవైతొమ్మిది వచ్చింది. ఏడాది అట్లా మనిషిలా నడిచి వస్తుందని ఎవరనుకుంటారు, వచ్చింది, గోడల మీద బొగ్గుతో రాసుకుంటూ వచ్చింది, జై తెలంగాణ అంటూ వచ్చింది, బళ్ళు మూయించింది, రైళ్ళు ఆపింది. పెద్ద తరగతుల పిల్లలు స్టేషను దిక్కు ఉరికేవాళ్ళు, పోలీసుల బూట్ల చప్పుడు కొట్టు ముందునుంచి పోయేది, బాపు సగం తలుపు వేసి లోపల కూచునేవాడు. "మనోళ్ళు అడిగేది న్యాయమే బిడ్డా, మన పొల్లగాండ్లకు నౌకర్లు కావాలె" అనేవాడు, అన్నంతసేపూ ఖాళీ మర పిడి ఊరికే తిప్పుతూ ఉండేవాడు. బళ్ళు లేకపోతే హాజరు పట్టీలు లేవు. పట్టీలు లేకపోతే జిగురు లేదు. గిన్నెలో జిగురు ఎండి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. పొట్లాల కాగితాల్లో కూడా లాఠీలూ, మూసిన దుకాణాలూ, కిందపడ్డ చెప్పులూ, ఆటల మాటే లేదు. మైదానంలో సున్నం గీతలు ముందు ఎండకు, తరువాత వానకు పోయాయి. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఆ పొల్లగాళ్ళు నాకంటె పెద్ద వాటి కోసం ఉరికారు. మళ్ళీ బడి తెరిచేనాటికి నేను పెద్దమనిషినై ఇంట్లో కూచున్నాను. "వచ్చే ఏడు పోదువులే" అంది అమ్మ. వచ్చే ఏడు వచ్చింది, కేసముద్రం నుంచి సంబంధం కూడా వచ్చింది. పెద్దమనుషుల ముందు కుడిచేత్తో నీళ్ళ చెంబు అందించాను. సాగనంపేనాడు అమ్మ ఒడిలో బియ్యం పోసింది, పసుపు కుంకుమ పెట్టింది. బాపు ఏమీ అనకుండా ట్రంకులో కమలాదేవి ముక్కల కట్ట పెట్టి, దాని పక్కన చిన్న డబ్బా పెట్టాడు. "మల్ల ఎక్కడన్న దొరుకుతదేమో. పురుగు కొట్టకుంట అతికిచ్చుకో." పుట్టింటినుంచి తుత్తం తెచ్చుకున్న కోడలు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కమల మూలిగింది. చెంప ఆనించి చూశాను, ఊపిరి వెచ్చగా ఉంది, పెదాల మడతల్లో ఇంకా నీలం, తడిపిన పైటతో తుడిచాను, పోలేదు. ఈ కమలకు ఆ పేరు పెట్టింది నేను కాదు, మా అత్తమ్మ సత్తమ్మే. ఇది చెప్తే మీరు నవ్వుతారు, ఇప్పుడు నవ్వలేనుగాని నేనూ నవ్వేదాన్ని. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ట్రంకు ఎండకు పెడుతుంటే ఆ ముక్కలు అత్తమ్మ కంటబడ్డాయి. ఒక్కొక్కటే ఎత్తి చూసింది, అన్నిట్లో ఒకే మనిషి. ఆ ఇంట్లో అప్పటికి ఉన్న పటం ఒక్కటే, మామయ్యది, అది కూడా ఆయన పోయిన తరువాత రంగులు వేయించి కట్టించింది. మనిషి బతికి ఉండగా ఇన్ని పటాలు ఎవరు దాచుకుంటారు? "ఎవరు బిడ్డా, మీ అక్కనా? ఎప్పుడు పోయింది?" అంది మెల్లగా. నేను నోరు తెరిచేలోపలే నాకు ఏడుపు వచ్చింది. ఏం ఏడుపో నాకే తెలియదు, మైదానం గుర్తొచ్చింది, బాపు గుర్తొచ్చాడు, చేయి గుర్తొచ్చింది. ఆ ఏడుపే ఆమెకు జవాబయింది, పేరు అడిగితే కమలాదేవి అని మాత్రం చెప్పగలిగాను. "ఊకో, ఊకో. ఎంత నిండుగున్నదే పిల్ల" అని కమలాదేవి మొహాన్ని కొంగుతో తుడిచింది. ఆ ఏడు పెత్రమాసకు, పెద్దల అమావాస్యకు, మామయ్య పేరున బియ్యం, కూరగాయలు జంగమయ్యకు ఇస్తూ, పక్కనే ఇంకో చేటలో బియ్యం, ఆనిగెపుకాయ పెట్టి, "గిది మా కోడలు అక్క కమలాదేవి పేరు మీద" అంది. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. మరుసటి ఏడూ ఇచ్చింది. నా మొదటి కడుపు నిలవలేదు, ఆ తరువాత ఈ పిల్ల పుట్టి, దోగాడే నాటికే ఎడమచేయి ముందుకు చాపితే, "చూసినవా, మీ అక్కనే మల్ల వచ్చింది" అని పేరు పెట్టింది. ఆమె అంత నమ్మకంగా అంటే కొన్నిసార్లు నాకూ ఒక అక్క ఉండేదనిపించేది. కందులు విసురుతూ ఆ అక్కతో మాట్లాడుకునేదాన్ని. నువ్వెక్కడున్నావు, ఇంకా ఆడుతున్నావా, నీ చేయి కూడా ఎవరన్నా కట్టారా అని.

పొడిగానే ఉంది.

ఇందాకటినుంచి అత్తమ్మ మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూచుని ఉంది. దవాఖానలో అడుగుపెట్టినప్పుడు డాక్టరు సాబుతో నేను చెప్పిన మాటలన్నీ విన్నది, బొమ్మ అతికించడానికి జిగురు, జిగురులో తుత్తం అని. నన్ను తిడుతుందని ఎదురుచూశాను, తిడితే కొంత బరువు దిగునేమో. ఆమె తిట్టలేదు. లేచి, గోడ వైపు తిరిగి, కొంగు రెండు చేతులతో చాపి, ఎవరో అక్కడ నిలబడి ఉన్నట్టే మాట్లాడటం మొదలుపెట్టింది. "అవ్వా కమలాదేవీ, నీ పేరు మీద ఏటేట బియ్యమిచ్చిన. నీ పేరే దీనికి పెట్టుకున్న. ఇంకేం తక్కువైంది నీకు? నీ పటం అతికిచ్చే యాళ్ళకే పిలిస్తివా? ఒక్కదానివి ఉండలేకపోతున్నవా? తోడు కావాలంటె నన్ను తీస్కపో. నేను తిన్న, తాగిన, అన్నీ చూసిన. గీ పసిదాన్ని ముట్టకు." పక్క మంచం మీది ముసలమ్మ కూడా చేతులు జోడించింది. అత్తమ్మ గొంతు బేరం ఆడుతున్నట్టు గట్టిగా ఉంది. నిజంగానే ఇస్తున్నది ఆమె, తన ప్రాణాన్ని కొంగులో పెట్టి ఎవరికో ఇస్తున్నది, ఆ ఎవరో హైద్రాబాదులో ఎక్కడో ఈ మధ్యాహ్నం అన్నం తిని పడుకుని ఉంటుంది, లేకపోతే బ్యాటు తీగలు బిగించుకుంటూ ఉంటుంది. దేవుడు వింటే? ఎవరిని తీసుకోవాలో తెలియక ఇద్దరినీ తీసుకుంటే? ఆ భయానికి నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అత్తమ్మా, ఆమె సావలేదు."

"ఎవరు?"

"కమలాదేవి. మా అక్క గాదు. నాకు అక్క లేదు. ఆమె ఆటగత్తె, హైద్రాబాదుల ఆడుతది. పేపర్ల ఏస్తరు ఆమె బొమ్మ."

అత్తమ్మ చాచిన కొంగు అట్లాగే పట్టుకుని నా వైపు తిరిగింది. "ఏం ఆడుతది?"

"బంతి. నెట్టుకు అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఎడమచేత్తోని కొడుతది."

"గంత పెద్ద మనిషి బంతి ఆడుతదా? పెండ్లి కాలేదా?"

"ఏమో అత్తమ్మా."

"మరి నీకేమైతది?"

నాకు ఏమవుతుంది? ఎన్నేళ్ళుగా దాచుకుంటున్నాను, ఎన్ని పొట్లాలు విప్పాను, ఈ మాట నన్ను నేను ఎన్నడూ అడగలేదు. నా చేతికి కట్టిన గుడ్డ విప్పించింది ఆమె, ఆమెకు ఆ సంగతి తెలియదు. నేను వదిలేసిన బడిలో ఆమె చదువుతూనే ఉందని, నేను కొట్టని బంతి ఆమె కొడుతూనే ఉందని అనుకున్నాను. నేను గిన్నెలు తోముతున్నప్పుడు ఎక్కడో ఆ చేయి లేస్తూ ఉంటే, లేస్తున్నది నా చేయి కూడా కదా అనుకున్నాను. ఇదంతా అత్తమ్మకు ఏ మాటల్లో చెప్పను? ఎనిమిదో తరగతి మాటలు నావి. "ఏమీ గాదు అత్తమ్మా" అన్నాను.

"ఏమీ గానిదాని కోసం జిగురు కాసినవా బిడ్డా?"

కొట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నేను తల వంచుకుని కమల వేళ్ళు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటే నిమిరాను. ఎడమచేతి గోళ్ళ సందుల్లో ఇంకా నీలం ఉంది. అంతలో అత్తమ్మ ఏదో తట్టినట్టు, "ఆగు" అంది. "బతికే ఉన్నదా? ఖచ్చితంగనా?" "పొద్దుటి పొట్లంల కూడ ఉన్నది అత్తమ్మా, ఆడుతున్నది." "ఐతే నేను ఇన్నేండ్లు బియ్యమిచ్చింది బతికున్నదానికా?" అని నోటి మీద చేయి వేసుకుంది. "పాపం, పెత్రమాస పెత్రమాసకు ఆమెకు పొలమారి పొలమారి సచ్చుంటది! గా జంగమయ్య ఆనిగెపుకాయలు ఉత్తగనే తిన్నడు గద!" పక్క మంచం ముసలమ్మ ముందు నవ్వింది, ఆ తరువాత అత్తమ్మ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగానే ఆమె పొట్ట అదిరింది, నవ్వే అది, నేను మాత్రం పెదవి కొరుక్కున్నాను. అత్తమ్మ కొంగు దులుపుకుని నడుముకు చెక్కుకుంది, చెక్కుకుని నా తల మీద చేయి వేసింది. "ఐతే మంచిదే, నయమే అయింది. బతికున్నోళ్ళు పిల్లలను పిలువరు. ఎవ్వరు పిలుస్తలేరు దీన్ని. నువ్వు చూస్త కూసో, నేను ఆ డాక్టరును తోల్కొస్త, ఇంకో సీస పెట్టమంట" అని, చెప్పులు వెతుక్కోకుండానే బయటికి నడిచింది.

ఎవ్వరూ పిలవడం లేదు. ఆ మాట పట్టుకుని కూచున్నాను. పిలిచేవాళ్ళు ఎవరూ లేకపోతే ఇక మిగిలింది నేనూ, గిన్నే, నేలా, వెతికిన కత్తెరా. అత్తమ్మకు సులువయింది, నాకు బరువయింది. ఇంతసేపూ నా తప్పులో సగం గోడ దగ్గర నిలబడ్డ అక్క మోసింది, ఇప్పుడు ఆ అక్క వెళ్ళిపోయింది, తన ఆటకు తాను వెళ్ళిపోయింది, ఎన్నడూ రాని మనిషి కోసం ఇంత ఒంటరితనమా? బొమ్మ ఇంట్లో పొయ్యి పక్కనే పడి ఉంటుంది, చీమలు పట్టి ఉంటాయి, పట్టనీ. అయినా చూడండి నా మనసు, ఈ పూటలో కూడా ఆ చిరిగిన అంచు అవతల బంతి ఎటు పోయిందా అని ఒక మూల అడుగుతూనే ఉంది, దాని నోరు నొక్కుతుంటే ఇంకో మూల నుంచి అడుగుతున్నది. వద్దు. నాకు బంతి వద్దు, జనగామ వద్దు, నాకు ఒక తడిగుడ్డ కావాలి. ఉతుకుతాను, ఎన్ని తడిపితే అన్ని ఉతుకుతాను, కమలా, విను, చలికాలం తెల్లవారుజామున తడిపినా ఏమీ అనను, మీ నాయిన గాజులు తెస్తాడు, రెండు చేతులకూ వేసుకుందువు, ఏ చేత్తో తింటే ఆ చేత్తోనే తిను, ఒక్కసారి, ఒక్కసారి పోయి బిడ్డా. కమల ఉలిక్కిపడింది. మోకాళ్ళు పొట్టకు ముడుచుకుంది, మొహం ఎర్రబడింది, నొప్పా? మళ్ళీ కాళ్ళు చాపింది, కనుబొమల ముడి మెల్లగా విడింది.

ఒడిలో వెచ్చగా ఉంది. చిన్న చోటే, అరచేయి అంత, ఇప్పుడు కొంచెం పెద్దదయింది. కిటికీలోంచి వచ్చే ఎండ నా మోకాళ్ళ దాకా జరిగింది, ఆ వెచ్చదనమేమో, నా చెమటేమో. కాదు, ఎండ ఇట్లా పాకదు, ఇది పాకుతున్నది, నా తొడ మీదికి దిగుతున్నది. రంగు చూడాలి. ఎర్రగా ఉండవద్దన్నాడు, నల్లగా ఉండవద్దన్నాడు. పొద్దటినుంచి పేలిక కిందికి ఎన్నిసార్లో పోయిన చేయి ఇప్పుడు పోవడం లేదు, కళ్ళు మూసుకుపోయాయి, తెరవమంటే తెరుచుకోవడం లేదు. అత్తమ్మ ఇంకా రాలేదు, సిస్టరమ్మ ఆ చివర ఎవరికో సూది వేస్తున్నది. ఇంతసేపూ నా పక్కన కూచుని విన్నవాళ్ళు మీరే. మీకు దండం పెడతాను, జర వంగి, ఆ పేలిక అంచు ఎత్తి, నా కమలను చూసి చెప్పండి.